లోగో బోర్డెక్కింది, డబ్బు మాత్రం చేతికి రాలేదు. ఏం చేయాలి?

గోదావరి_గీత
రాజమండ్రిలో ఇంటి నుంచే డిజైన్ పని చేస్తున్నాను. ఉద్యోగం మానేసి పద్నాలుగు నెలలైంది. సంక్రాంతికి ముందు ఒక పచ్చళ్ళ దుకాణం యజమాని వచ్చి లోగో, సీసాకు అంటించే లేబుల్ కావాలన్నారు. మా పెద్దమ్మ వాళ్ళ వీధి మనిషే కాబట్టి బయానా అడగడానికి మొహమాటపడ్డాను. రెండూ కలిపి 12 వేలని నోటిమాటగా అనుకున్నాం. ఎరుపు ఎక్కువైందన్నారు, తగ్గిస్తే కారం కనబడడం లేదన్నారు. జాడీ బొమ్మ పెట్టమన్నారు, పెడితే అల్లుడికి నచ్చలేదన్నారు. పదకొండు సార్లు మార్చాక "చూసి చెబుతాం" అని, రెండు నెలలు ఫోను ఎత్తలేదు. నిన్న నా స్నేహితురాలు కాకినాడ నుంచి ఫొటో పంపింది. వాళ్ళ కొత్త దుకాణం మీద పది అడుగుల బోర్డు, దాని మీద నా ఏడో నమూనా, జాడీతో సహా. అడిగితే "వేరేవాళ్ళ చేత చేయించుకున్నామమ్మా" అంటున్నారు. నేను పంపినవన్నీ వాట్సాప్‌లో ఉన్నాయి. ఓదార్పు వద్దు, ఉపాయం చెప్పండి.

పిక్సెల్_పుల్లయ్య
అల్లుడు రంగంలోకి దిగినప్పుడే లేచి వచ్చేయాల్సింది. డబ్బిచ్చేది ఒకరు, నచ్చాల్సింది ఇంకొకరికి అయితే ఆ పని తెమలదు.

సున్నా_బడ్జెట్
మా మేనమామ ఫంక్షన్ హాలుకు లోగో చేసిచ్చాను. డబ్బుకు బదులు నా పెళ్ళికి హాలు ఉచితం అన్నాడు. నాకు ఇంకా పెళ్ళి కాలేదు. హాలు మాత్రం అమ్మేశాడు.

ప్రెస్సు_బాబాయి
విజయవాడలో ఇరవై ఏడేళ్ళుగా ప్రెస్సు నడుపుతున్నాను. నా మాట చేదుగా ఉండవచ్చు. తప్పులో సగం నీదేనమ్మా. ఊళ్ళో మనుషులకు డిజైన్ అంటే శుభలేఖతో పాటు ఉచితంగా వచ్చే కవరు లాంటిది. వెయ్యి కార్డులు వేయించుకుంటే అక్షరాలు కూర్చేది మా కుర్రాడే, దానికి విడిగా ఎవరూ డబ్బివ్వరు. అలా అలవాటైనవాళ్ళను 12 వేలు అడిగితే గుండె ఆగదా?

కోరల్_కామేశ్వరి
ఆ అలవాటు చేసింది మీ ప్రెస్సులే కదా బాబాయి గారూ. మీ కుర్రాడి జీతం కాగితం ధరలో కలిపేసి, పైకి "ఉచితం" అని బోర్డు పెట్టారు. ఇప్పుడు మా దగ్గరకు వచ్చి "ప్రెస్సువాళ్ళు ఊరికే చేస్తారు" అంటారు. ఊరికే ఎవరు చేశారు?

ప్రెస్సు_బాబాయి
అదీ నిజమే. కాదనను. కానీ మేము మానేస్తే పక్క ప్రెస్సు మానదు.

లెక్కల_సుబ్బులు
గీత గారూ, చట్టం మీకు అనుకూలంగానే ఉంది, మీరు అనుకుంటున్నంత గట్టిగా కాకపోయినా. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ గీసిన వ్యక్తే మొదటి హక్కుదారు. నమోదు చేయించకపోయినా హక్కు పుడుతుంది. ఉద్యోగంలో ఉండి చేసిన పని అయితే హక్కు యజమానిది. బయటివారి చేత డబ్బిచ్చి చేయించుకుంటే చేయించుకున్నవారికే హక్కు వెళ్ళేవి 17వ సెక్షన్‌లో కొన్ని ఉన్నాయి: ఫొటో, వర్ణచిత్రం, రూపచిత్రం, చెక్కడం, సినిమా. లోగో అనే మాట అందులో లేదు. అవతలి వకీలు దాన్ని వర్ణచిత్రం కింద లాగాలని చూడవచ్చు. "డబ్బిచ్చి" అన్న మాట కూడా ఉంది కదా, వారు పైసా ఇవ్వలేదని మీరు వాదించవచ్చు.

హక్కు బదిలీ కావాలంటే 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా, మీ సంతకంతో జరగాలి. నోటిమాట చెల్లదు. ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్ళని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని లెక్క. ఇది తెలియక చాలామంది "లోగో హక్కులు ఇచ్చేశాను" అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటారు. అవతలివారికీ అది నష్టమే.

వాట్సాప్ సంభాషణ చెరపవద్దు. మొదట చేసిన ఫైళ్ళు, అవి సృష్టించిన తేదీలు అలాగే ఉంచండి. తరువాత వకీలు చేత ఒక నోటీసు. నోటీసుకు అయ్యే ఖర్చు, 12 వేలు పక్కపక్కన పెట్టి చూసుకోండి, అంతే.

గోదావరి_గీత
వివరంగా చెప్పినందుకు సంతోషం సుబ్బులు గారూ. నోటీసంటే మా అమ్మ ఒప్పుకోదు. "వీధిలో మొహాలు చూసుకోవాలి" అంటుంది.

పిక్సెల్_పుల్లయ్య
వాళ్ళకు లేని సిగ్గు మీకెందుకు?

లెక్కల_సుబ్బులు
ఇంకో దారి ఉంది, ఈసారికి కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకోండి. ఆధార్, పాన్ ఉంటే చాలు, రుసుము లేదు. డబ్బు తీసుకుని చేసిపెడతామనేవారిని నమ్మవద్దు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం మీ పని తీసుకున్న సంస్థ ఒప్పందం ఉంటే అందులోని గడువులోగా, ఆ గడువు ఎంతైనా 45 రోజులు మించకుండా, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బివ్వాలి. ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఫిర్యాదుకు ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది. పని చేసే నాటికే నమోదై ఉండడం మేలు, తరువాత చేయించుకుని పాత బాకీ అడిగితే నిలుస్తుందన్న నమ్మకం లేదు.

పెద్ద సంస్థలతో పని చేసేవారికి ఇంకో అండ: గడువులోగా సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లించని మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడానికి వీల్లేకుండా ఆదాయపు పన్ను చట్టంలో నిబంధన వచ్చింది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి అమల్లో ఉంది. మార్చి నెలలో వాళ్ళ అకౌంటెంటే మీకు ఫోను చేస్తాడు. నాకు చేశాడు.

సున్నా_బడ్జెట్
అకౌంటెంట్ మనకు ఫోను చేయడమా! ఈ ఒక్క ముక్క కోసమైనా నమోదు చేసుకుంటాను.

కోరల్_కామేశ్వరి
చట్టం సంగతి సరే, అసలు అంతవరకూ రాకుండా చూసుకోవాలి. నేను గుంటూరులో పన్నెండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. మొదటి మూడేళ్ళు గీతలాగే మోసపోయాను. ఇప్పుడు ఎవరు పని అడిగినా, మా పిన్ని కొడుకైనా సరే, ఫోనులో మాట్లాడిన పది నిమిషాల్లో ఈ సందేశం వాట్సాప్‌లో పంపుతాను. మాటలు మార్చుకుని వాడుకోండి.

"మనం అనుకున్న పని: లోగో ఒకటి, లేబుల్ ఒకటి. మొదట మూడు నమూనాలు చూపిస్తాను, వాటిలో ఒకటి మీరు ఎంచుకోవాలి. ఎంచుకున్నదాని మీద రెండు సార్లు మార్పులు ఇందులోనే చేస్తాను. మూడోసారి నుంచి ఒక్కో విడతకు 500. కొత్తగా ఇంకో నమూనా కావాలంటే అది వేరే పని. మొత్తం 12 వేలు, పని మొదలుపెట్టే ముందు 6 వేలు. మిగతాది అందాక పెద్ద ఫైళ్ళు పంపుతాను. మీ తరఫున మాట్లాడేది ఎవరో ఒక్క పేరు చెప్పండి. ఇవి సరేనంటే 'సరే' అని రాయండి."

"సరే" అని రాయించుకోవడమే ముఖ్యం. బొటనవేలు ఎమోజీ పెట్టి ఊరుకునేవారిని ఒప్పుకోను, "మా బాబు పొరపాటున నొక్కాడు" అన్నవారు ఉన్నారు. ఆ ఒక్క పేరు అడగడం కూడా మరవకండి. అల్లుడు, తోడల్లుడు, వాస్తు సిద్ధాంతి ముగ్గురూ మూడు మాటలు చెబితే వాటిని కలిపి ఒక మాట చేయడం వాళ్ళ ఇంటి పని, మనది కాదు.

పిక్సెల్_పుల్లయ్య
వాస్తు సిద్ధాంతి ముచ్చట నాకూ ఉంది. విజిటింగ్ కార్డులో ఈశాన్యం బరువైంది, లోగో నైరుతికి జరపమన్నాడు. కార్డు తిప్పి పట్టుకుంటే సరిపోతుందన్నాను. ఆ పని పోయింది.

ప్రెస్సు_బాబాయి
కామేశ్వరీ, సగం బయానా అంటే కొత్తవాళ్ళ దగ్గరకు ఎవరూ రారు. నీకు పేరుంది, చెల్లుతుంది. ఈ అమ్మాయికి పద్నాలుగు నెలలే.

కోరల్_కామేశ్వరి
రానివారు రాకపోతే నష్టం ఏమిటి బాబాయి గారూ? పదకొండు సార్లు మార్చిన రోజుల్లో గీత ఇంకో రెండు చిన్న పనులు చేసుకునేది. సగం కుదరకపోతే మూడో వంతు అడగమనండి. అసలు లేకుండా మాత్రం మొదలుపెట్టకూడదు. ఆ మాటకొస్తే మీరు అచ్చు ప్లేట్లు తీయించే ముందు బయానా తీసుకోరా?

ప్రెస్సు_బాబాయి
తీసుకుంటాను. ప్లేటుకు ఖర్చవుతుంది కాబట్టి.

కోరల్_కామేశ్వరి
మాకూ ఖర్చవుతుంది. అది కళ్ళకు కనబడదు, అంతే.

కొత్త_కలం
ప్రశ్న పక్కదారి పడుతున్నందుకు క్షమించండి. ఫొటోషాప్‌లో "లక్ష్మి" అని రాస్తే వత్తులు విడిపోయి "లక్‌ష్‌మి" అని వస్తోంది. ఒక్కో అక్షరం బొమ్మలా అతికించుకుంటున్నాను. అందరూ ఇలాగే చేస్తారా?

వత్తు_పొల్లు
అయ్యో, అంత కష్టం ఎందుకు. ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే చోట వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి. పాత వెర్షన్లలో అదే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. ఇలస్ట్రేటర్‌లో షో ఇండిక్ ఆప్షన్స్ పెట్టి, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకోవాలి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్. ఇది యూనికోడ్ ఖతులకు, అంటే ఫోనులోనూ చదవగల ఫాంట్లకు. యూనికోడ్ కాని అను ఖతులతో కూర్చేవారికి ఈ తిప్పలుండవు, ఆ తెలుగును వాట్సాప్‌లోకి కాపీ చేస్తే మాత్రం పిచ్చి గీతలు వస్తాయి.

ఇంకో మాట. తెలుగు అక్షరాల మధ్య ఎడం పెంచవద్దు. ఇంగ్లిష్ పెద్దక్షరాలకు అది అందంగా ఉంటుంది, మన గుణింతాలు, వత్తులు మాత్రం చోటు తప్పుతాయి. వరుసల మధ్య ఎడం పెంచండి. పై వరుస వత్తు కింది వరుస గుడిని కొట్టుకుంటే చదివేవాడికి చిరాకు. అక్షరం చుట్టూ గీత వేయాలనుకుంటే ముందు ముక్కలన్నీ ఒకటిగా కలపండి, కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో అయితే వెల్డ్. లేకపోతే వత్తు, అక్షరం ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట లోపలి గీతలు బయటపడతాయి.

కొత్త_కలం
వచ్చింది! నాలుగు నెలలు అతికించుకుంటూ బతికాను.

సున్నా_బడ్జెట్
ఉచితంగా వాడుకోగల మంచి తెలుగు ఖతులు ఏవి?

వత్తు_పొల్లు
సిలికానాంధ్ర విడుదల చేసినవి గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. రామభద్ర, మండలి, సూరన్న, ధూర్జటి, తిమ్మన, గిడుగు, రవి ప్రకాష్ వగైరా. బోర్డులకు, శీర్షికలకు రామభద్ర నిలబడుతుంది. చిన్న అక్షరాల్లో పేరాలకు మండలి హాయిగా ఉంటుంది. ఏక్ టైప్ వారి బాలూ తమ్ముడు, అనెక్ తెలుగు కూడా అక్కడే దొరుకుతాయి. వీటి లైసెన్సు లోగోలకు, అమ్మకపు పనులకు వాడుకోనిస్తుంది. ఖతిని మాత్రం విడిగా అమ్ముకోకూడదు. ఎక్కడినుంచో దించుకున్న దొంగ ఖతితో లోగో చేసిస్తే రేపు చిక్కు మీ ఖాతాదారుకు.

గీత గారూ, మీ లోగోలో ఏ ఖతి వాడారు?

గోదావరి_గీత
రామభద్ర తీసుకుని చకారాన్ని, ళకారాన్ని చేత్తో గీసి మార్చాను. "పచ్చళ్ళు" అన్న మాటలో వత్తులు రెండూ సన్నని మిరపకాయల్లా కింది ఎర్రపట్టీ మీదకు వాలినట్టు ఉంటాయి. నాకు నచ్చింది అదే.

పిక్సెల్_పుల్లయ్య
పచ్చళ్ళా, పచ్చళ్లా? ముందు అది తేల్చండి.

వత్తు_పొల్లు
దయచేసి ఆ పంచాయతీ ఇక్కడ పెట్టవద్దు. వారం సరిపోదు.

ప్రెస్సు_బాబాయి
ఆగమ్మా. నువ్వు పంపినది వాట్సాప్ బొమ్మేనా? పీడీఎఫ్, కోరల్ ఫైలు ఏదీ ఇవ్వలేదా?

గోదావరి_గీత
లేదు. మామూలు జేపెగ్ మాత్రమే. ఫైళ్ళు డబ్బు అందాక ఇద్దామనుకున్నాను.

ప్రెస్సు_బాబాయి
అయితే ఆ బోర్డును ఒకసారి దగ్గరగా చూసి రా. వాట్సాప్‌లో వచ్చిన బొమ్మ కుంచించుకుపోయి ఉంటుంది. దాన్ని పది అడుగులకు సాగదీస్తే చతురాలు కనబడతాయి కాబట్టి బోర్డువాళ్ళు కంప్యూటర్ చేత ట్రేస్ చేయిస్తారు, అంటే అంచులు మళ్ళీ గీయిస్తారు. సన్నని గీతలు అక్కడే పోతాయి. అక్రిలిక్ అక్షరాలు కోసే బోర్డైతే మరీ కష్టం, వత్తు విడి ముక్కగా వస్తుంది, అంటించేవాడికి తెలుగు రాకపోతే అది గోతంలోనే ఉండిపోతుంది. నేను చూశాను.

కోరల్_కామేశ్వరి
బాబాయి గారు ఇప్పుడు మన పక్షానికి వచ్చారు.

ప్రెస్సు_బాబాయి
పక్షం కాదు, పని. అసలు కొత్త పిల్లలు తెచ్చే ఫైళ్ళ గురించి చెబితే రాత్రవుతుంది. తెర మీద మెరిసే చిలకపచ్చ కాగితం మీద కావాలంటారు. తెర ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు), అచ్చు సీఎంవైకే (నాలుగు ఇంకులు), ఆ పచ్చ మా ఇంకుల్లో పుట్టదు. కత్తిరింపుకు చుట్టూ 3 మిల్లీమీటర్లు ఎక్కువ వదలమంటే వదలరు, తరువాత అంచున తెల్లగీత వచ్చిందని నా మీద కోపం. చిన్న అక్షరాలకు నాలుగు రంగులు కలిపిన నలుపు వాడతారు, ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అక్షరం చుట్టూ రంగు నీడ వస్తుంది. చిన్న అక్షరానికి ఒట్టి నలుపు నూటికి నూరు పెట్టండి, మిగతా మూడూ సున్నా.

డల్లాస్_దారి
ఇక్కడ తెలుగు సంఘం సావనీరు ఏటా ఆంధ్రలో ఉన్న డిజైనర్ల చేతే చేయిస్తాం. ఒక ఏడాది పుస్తకమంతా ఏ4 కొలతలో వచ్చింది. అమెరికాలో కాగితం లెటర్ సైజు. వెడల్పు 6 మిల్లీమీటర్లు ఎక్కువ, ఎత్తు 18 తక్కువ. అధ్యక్షులవారి ఫొటోలో తల పోయింది. విదేశాల పని తీసుకునేవారు మొదట కొలతలు అడగండి. డబ్బు విషయంలో మేము ఇబ్బంది పెట్టం, తలలు పోనంతవరకు.

కొత్త_కలం
ఖాతాదారు అడిగితే అసలు కోరల్ ఫైలు ఇచ్చేయాలా? నన్ను ఒకరు రోజూ అడుగుతున్నారు.

పిక్సెల్_పుల్లయ్య
ఇవ్వకండి. హోటలులో దోసె తిన్నవాడు పెనం అడగడు.

ప్రెస్సు_బాబాయి
ఇవ్వండి. రేపు ఫోను నంబరు మారితే నీ కోసం ఊరంతా వెతకాలా?

కోరల్_కామేశ్వరి
రెండూ కాదు. అక్షరాలను కర్వ్‌లుగా, అంటే ఒట్టి గీతలుగా, మార్చిన పీడీఎఫ్ అందరికీ ఇస్తాను, దానితో ఏ ప్రెస్సులోనైనా అచ్చు వేయించుకోవచ్చు, ఖతి లేదన్న బాధ ఉండదు. దిద్దుకోగల ఫైలు కావాలంటే విడిగా ధర, అది మొదటి సందేశంలోనే రాస్తాను. లోగో అయితే మాత్రం నేను ఇచ్చేస్తాను. లోగో వాళ్ళ ఇంటి పేరు లాంటిది, దాన్ని మన దగ్గర తాకట్టు పెట్టుకోకూడదు.

లెక్కల_సుబ్బులు
ధరల మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. సంస్థలు మీకు చెల్లించేటప్పుడు సాధారణంగా వృత్తి రుసుము కింద 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోస్తాయి, ఏడాదిలో ఆ మొత్తం 50 వేలు దాటితే. 2025 ఏప్రిల్‌కు ముందు ఆ హద్దు 30 వేలు. ఆ డబ్బు పోయినట్టు కాదు, రిటర్ను వేస్తే పన్నులో సర్దుబాటవుతుంది, ఎక్కువైతే వెనక్కి వస్తుంది. రిటర్ను వేయని డిజైనర్లు ఏటా ప్రభుత్వానికి విరాళం ఇస్తున్నారు. జీఎస్టీ నమోదు మన రాష్ట్రాల్లో సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటితేనే.

సున్నా_బడ్జెట్
20 లక్షలు దాటాక మళ్ళీ అడుగుతాను. అప్పటిదాకా ఈ చర్చ తీసేయకండి.

వత్తు_పొల్లు
గీత గారూ, లేబుల్ కూడా చేశారన్నారు కదా. దాన్నీ వాడుతున్నారా? పచ్చడి సీసా లేబుల్ అంటే ఒట్టి బొమ్మ కాదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు 14 అంకెలు, నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, తయారీ తేదీ, చిరునామా, ఆకుపచ్చ చుక్క ఉన్న చదరం, అన్నీ ఉండాలి. కోడి పచ్చడైతే చదరంలో గోధుమరంగు త్రికోణం, చుక్క కాదు. ఇవన్నీ సర్దడం ఎంత పనో ఖాతాదారుకు చెబితే ధర దగ్గర బేరం సగం తగ్గుతుంది. నేను చెప్పే చూశాను.

గోదావరి_గీత
లేబుల్‌కు నేను పెట్టిన ఉత్తుత్తి అంకెలు 00000000000000 అలాగే అచ్చయి ఉన్నాయని స్నేహితురాలు చెబుతోంది. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. ఎల్లుండి కాకినాడ వెళుతున్నాను.

పిక్సెల్_పుల్లయ్య
పద్నాలుగు సున్నాలా! మీ సంతకం దాని మీదే ఉందన్నమాట.

గోదావరి_గీత
వెళ్ళి వచ్చాను. బాబాయి గారు చెప్పినట్టే జరిగింది. అక్రిలిక్ అక్షరాలు. చకారం కింద వత్తు లేనే లేదు. ళకారం కింద వత్తు ఎర్రపట్టీలో కలిసి మరకలా ఉంది. పది అడుగుల బోర్డు మీద "పచళ్ళు" అని ఉంది. దుకాణం ఎదుట బడి పిల్లలు గట్టిగా చదివి నవ్వుతున్నారు.

నేను లోపలికి వెళ్ళి ఏమీ అడగలేదు. అరకిలో మాగాయ కొన్నాను. బిల్లు చెల్లించేటప్పుడు యజమానే గుర్తుపట్టి, "అమ్మా, ఆ బోర్డువాడు అసలు ఫైలు ఉంటేనే సరిచేస్తానంటున్నాడు, లేబుల్‌లో నంబరు కూడా మార్చాలట" అన్నారు. వేరేవాళ్ళు చేశారన్నారు కదా అనలేదు. కామేశ్వరి గారి సందేశాన్ని అక్కడే నిలబడి పంపాను. లోగో, లేబుల్ 12 వేలు, ఇప్పుడు చేయాల్సిన దిద్దుబాట్లు 3 వేలు, సగం ముందు. ఆయన చదివి, "అల్లుడిని అడిగి చెబుతాను" అన్నారు.

సున్నా_బడ్జెట్
మళ్ళీ అల్లుడా!

కోరల్_కామేశ్వరి
డబ్బు వచ్చేదాకా వత్తు ఇవ్వకు చెల్లీ. ఒక్క వత్తు కూడా.

ప్రెస్సు_బాబాయి
మాగాయ ఎలా ఉంది?

గోదావరి_గీత
ఉప్పు ఎక్కువ, కానీ బాగుంది.

ఇప్పుడే 7,500 వచ్చాయి. పంపింది అల్లుడే. కింద ఒక ముక్క రాశాడు: "సరే. ఎలాగూ మారుస్తున్నారు కదా, ఆ జాడీ బొమ్మ తీసేయండి."